పెన్సిల్ గాడి: డెట్రాయిట్, 2010 జూన్ 2

మా ఇంట్లో గ్రీన్‌కార్డు కాగితాలు, పిల్లల టీకాల కార్డులు, తెనాలి ఇంటి పన్ను రసీదులు దాచుకునే ఫైలు ఒకటి ఉంది. దాని అట్టడుగున ప్లాస్టిక్ కవరులో గళ్ళు గీసిన ఒక కాగితం ఉంటుంది. ఏటా పన్నుల లెక్కలకోసం ఆ ఫైలు తీసినప్పుడల్లా మా ఆవిడ ఆ కవరు పైకి తీసి, "ఏమండీ, ఇది కూడా ఆడిటరు గారికి పంపాలా?" అని అడుగుతుంది. 2010 జూన్ 2, బుధవారం సాయంత్రం, డెట్రాయిట్‌లోని కొమెరికా పార్కులో డెట్రాయిట్ టైగర్స్‌కూ క్లీవ్‌లాండ్ ఇండియన్స్‌కూ జరిగిన బేస్‌బాల్ ఆటకు నా చేత్తో నేను రాసుకున్న స్కోర్‌కార్డు అది. ఆ ఆట సంగతి బేస్‌బాల్ తెలిసినవారికి తేదీ చెబితే చాలు. తెలియనివారికి చెప్పాలంటే నేను తెనాలి నుంచి మొదలుపెట్టాలి.

1980ల చివర్లో మా మేనమామ ఊళ్ళో జరిగే క్రికెట్ టోర్నమెంట్లకు స్కోరరుగా కూర్చునేవాడు. ఆట ఆడడం ఆయనకు అంతగా చేతకాలేదు గానీ, షామియానా కింద బల్ల వేసుకుని, నటరాజ్ పెన్సిల్ చెక్కుకుని, స్కోరుపుస్తకం తెరిచాడంటే ఇరుజట్ల కెప్టెన్లూ ఆయన ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. పరుగు రాని బంతికి చుక్క పెట్టడం, ఒక ఓవరులో ఆరూ చుక్కలే అయితే వాటిని కలిపి మెయిడెన్ గుర్తుగా ఇంగ్లీషు ఎమ్ అక్షరం గీయడం, వికెట్ కూడా పడితే అదే చుక్కలతో డబ్ల్యూ గీయడం నాకు ఆయనే నేర్పాడు. అంతకంటే ముఖ్యంగా ఒక నియమం నేర్పాడు. "ఒరేయ్, అంపైరు చెయ్యి లేవకుండా నీ పెన్సిలు లేవకూడదు. అంపైరు చెయ్యి లేచాక, నువ్వు చూశావని చెప్పడానికి నీ చెయ్యి కూడా లేవాలి. నీ చెయ్యి లేచేదాకా ఆయన ఆట సాగనివ్వడు," అనేవాడు. క్రికెట్‌లో అది నిజంగానే నియమం. బౌండరీ అనో బై అనో అంపైరు సైగ చేసి స్కోరరు వైపు చూస్తాడు, స్కోరరు చెయ్యెత్తి అందిందని తెలియజేస్తాడు, ఆ తరువాతే తరువాతి బంతి పడుతుంది. పదకొండేళ్ళ పిల్లవాడికి ఆ ఒక్క చెయ్యెత్తే అధికారం ఎంత గొప్పగా అనిపించేదో ఇప్పుడు చెప్పలేను. ఆట మొత్తం నా కోసం అర క్షణం ఆగేది.

మిషిగన్‌కు వచ్చి, కార్ల కంపెనీలకు విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో ఇంజనీరుగా చేరాక, చాలాకాలం బేస్‌బాల్ నాకు ఎక్కలేదు. క్రికెట్‌తో పెరిగిన నాలుక మీద అది చప్పిడి కూరలా ఉండేది. ఆ చప్పిడి కూరకు ఉప్పు అందించింది మా ఆఫీసు డ్రాయింగు విభాగంలో పనిచేసిన ఒక పెద్దాయన. కంప్యూటరు రాకముందు టీ-స్క్వేరుతో బల్లముందు నిలబడి గేరుబాక్సుల నమూనాలు గీసిన తరానికి చెందిన మనిషి. మధ్యాహ్నం భోజనం వేళ ఆయన ముందు రోజు ఆట స్కోర్‌కార్డు తీసి చూసుకుంటూ ఉంటే, అది నాకు మా మావయ్య పుస్తకం లాగే కనిపించి, 2008 వేసవిలో ఒకరోజు పక్కన కూర్చున్నాను.

స్టేడియంలో అమ్మే కార్డు ఆయనకు నచ్చదు, గళ్ళు ఇరుకని ఫిర్యాదు. తన కార్డు తానే గీసుకుని జిరాక్సులు తీయించుకునేవాడు. అడ్డంగా తొమ్మిది ఇన్నింగ్స్, నిలువుగా తొమ్మిదిమంది బ్యాటర్లు, ఒక్కో గడిలో మైదానానికి గుర్తుగా చిన్న వజ్రం ఆకారం, దాని మూలలే బ్యాటర్ పరుగెత్తి చుట్టిరావలసిన బేస్‌లు. ఫీల్డర్లకు అంకెలు ఉంటాయి: పిచర్ (బంతి వేసేవాడు) 1, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ నుంచి కుడికి బయటి ఫీల్డర్లు 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరి అవుట్ చేస్తే 6-3. సెంటర్ ఫీల్డర్ గాలిలో పట్టుకుంటే ఎఫ్ 8. స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుట్) అయితే కె అక్షరం. స్ట్రక్ అనే ఇంగ్లీషు మాటలోని చివరి అక్షరాన్ని అలా వాడడం మొదలుపెట్టినవాడు హెన్రీ చాడ్విక్ అని, బాక్స్ స్కోరు అనే పట్టికను 1859 ప్రాంతంలో తీర్చిదిద్దినవాడూ ఆయనేనని, ఇంగ్లండులో పుట్టి చిన్నప్పుడే బ్రూక్లిన్ వచ్చిన ఆ విలేకరి మొదట రాసింది క్రికెట్ ఆటల గురించేనని పెద్దాయన చెప్పినప్పుడు, నాకు కలిగిన సంతోషం కొంచెం మితిమీరినదే. ఎక్కడో తప్పిపోయిన దాయాదులు దొరికినట్టనిపించింది.

పెద్దాయనకు పెన్సిల్ విషయంలో కూడా పట్టింపు ఉండేది. డ్రాఫ్ట్స్‌మెన్ వాడే గట్టి 2హెచ్ పెన్సిల్ తప్ప మరొకటి ముట్టుకోడు. సన్నగా, మరక అంటకుండా రాస్తుంది కానీ గట్టిగా నొక్కితే కాగితంలో గాడి పడుతుంది. రబ్బరుతో రుద్దితే నలుపు పోతుంది గానీ గాడి పోదు. అందుకని తప్పు రాయకూడదని, తప్పు రాయకుండా ఉండాలంటే తొందరపడకూడదని ఆయన సిద్ధాంతం. అంపైరు చెయ్యి చూశాకే రాయి అని ఆయన అన్నప్పుడు నేను మా మావయ్య సంగతి చెప్పాను. స్కోరరు చెయ్యెత్తితే గానీ ఆట సాగదన్న భాగం విని ఆయన చాలాసేపు నవ్వి, మా అంపైర్లు అంత మర్యాదస్తులు కారు అన్నాడు.

2009లో డెట్రాయిట్ పరిస్థితి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరాయి. మా ఆఫీసులో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టెతో బయటికి నడిచేవారు. పెద్దాయన స్వచ్ఛందంగా రిటైరయ్యాడు. నేను మిగిలాను. వీసా మీద ఉన్నవాడికి ఆ మిగలడం ఎంత భయంతో కూడినదో మా ఊరివాళ్ళకు ఫోనులో చెప్పలేకపోయేవాణ్ణి. ఆ భయం నుంచి తప్పించుకోవడానికి మేమిద్దరం నెలకు రెండుమూడు సార్లు ఆటకు వెళ్ళేవాళ్ళం. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి లాడ్జ్ ఫ్రీవే మీదుగా ఊళ్ళోకి వెళుతుంటే ఆయన 1999లో మూతపడిన పాత టైగర్ స్టేడియం గురించి, రేడియోలో ఎర్నీ హార్వెల్ వ్యాఖ్యానం గురించి చెప్పేవాడు. ప్రేక్షకుల్లోకి ఫౌల్ బంతి వెళితే, ఆ బంతిని ఫలానా ఊరి మనిషి పట్టుకున్నాడని హార్వెల్ ఏదో ఒక మిషిగన్ ఊరి పేరు చెప్పేవాడట. అది కేవలం కల్పన. తనకు ఎనిమిదేళ్ళ వయసులో, హార్వెల్‌కు అందరి ఊర్లూ ఎలా తెలుసని వాళ్ళ నాన్నను అడిగానని పెద్దాయన చెప్పాడు. నలభై రెండేళ్ళు టైగర్స్ ఆటలు వినిపించిన ఆ హార్వెల్ 2010 మే 4న పోయాడు. రెండు రోజుల తరువాత ఆయన పార్థివదేహాన్ని స్టేడియంలోనే ఉంచితే పెద్దాయన వరుసలో నిలబడి చూసివచ్చాడు. జూన్ 2న మేము వెళ్ళింది ఆ తరువాత కలిసి చూసిన మొదటి ఆటకు.

ఆ సాయంత్రం ప్రేక్షకులు 17,738 మంది. సగం కుర్చీలు ఖాళీ. నా పెన్సిల్ ఇంట్లో మరచిపోయాను. పెద్దాయన తన 2హెచ్‌లలో ఒకటి ఇచ్చాడు. టైగర్స్ పిచర్ అర్మాండో గలరాగా, వెనిజులా కుర్రవాడు, టొలీడోలోని దిగువ స్థాయి జట్టు నుంచి మే నెల మధ్యలోనే పైకి పిలిపించుకున్నవాడు. అతని మీద ఎవరికీ పెద్ద ఆశలు లేవు. రెండో ఇన్నింగ్స్‌లో అతని దేశస్థుడే అయిన మిగెల్ కబ్రేరా హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి టైగర్స్‌కు 1-0 ఆధిక్యం ఇచ్చాడు. ఆ తరువాత రెండు వైపులా పిచర్లు ఎంత వేగంగా బంతులు వేశారంటే నాకు హాట్‌డాగ్ కొనుక్కోవడానికి కూడా సందు దొరకలేదు.

బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు, అంటే మొత్తం 27. ఎదుటి జట్టులో ఒక్కరిని కూడా మొదటి బేస్ చేరనివ్వకుండా వరసగా 27 మందినీ అవుట్ చేస్తే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. 1880 నుంచి అప్పటికి నూట ముప్ఫై ఏళ్ళలో అలాంటివి 20 మాత్రమే. విచిత్రంగా వాటిలో రెండు ఆ మే నెలలోనే జరిగాయి: 9న డల్లాస్ బ్రేడెన్, 29న రాయ్ హాలడే. అమెరికన్ లీగ్ పుట్టిన 1901 నుంచీ ఉన్న టైగర్స్ జట్టుకు మాత్రం అది ఎన్నడూ దక్కలేదు.

ఆరో ఇన్నింగ్స్ తరువాత పెద్దాయన మాట్లాడడం మానేశాడు. ఆయనే కాదు, మా వరుసలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పిచర్ అలాంటి దారిలో ఉన్నప్పుడు దాని పేరు పలకకూడదు, డగౌటులో అతని పక్కన కూర్చోకూడదు, అతన్ని పలకరించకూడదు. చంటిపిల్లవాడు బొద్దుగా ఉన్నాడని పైకి అంటే మా అమ్మమ్మ ఉప్పు దిగదుడిచేది. ఇదీ అంతే, దిష్టి. నా కార్డులో క్లీవ్‌లాండ్ వైపు ఒక్క వజ్రం గీత కూడా నల్లబడలేదు. గళ్ళ నిండా అంకెలే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో టైగర్స్ మరో రెండు పరుగులు చేసి 3-0 చేశారు. ఆ రెండు పరుగులు ఎలా వచ్చాయో నా కార్డులో ఉంది గానీ నా జ్ఞాపకంలో లేదు.

తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి బ్యాటర్ మార్క్ గ్రుజిలానెక్. అతను కొట్టిన బంతి ఎడమ మధ్యభాగంలోకి, చాలా లోతుకు పోతూ ఉంటే, అయిపోయింది అనుకున్నాను. సెంటర్ ఫీల్డర్ ఆస్టిన్ జాక్సన్ బంతికి వీపు పెట్టి పరుగెత్తి పరుగెత్తి, భుజం మీదుగా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎఫ్ 8. నా చెయ్యి వణకడం వల్ల ఆ 8 అంకె పైసున్న మూసుకోలేదు. తరువాతి బ్యాటర్ మైక్ రెడ్‌మండ్, 6-3. 26 మంది అయిపోయారు. జనమంతా లేచి నిలబడ్డారు. కూర్చుని రాసే అలవాటున్న పెద్దాయన కూడా అట్టను ఛాతీకి ఆనించుకుని లేచాడు.

జేసన్ డోనల్డ్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్‌కూ సెకండ్ బేస్‌కూ మధ్య నేలబారుగా వచ్చింది. ఫస్ట్ బేస్ దగ్గర ఆడుతున్న కబ్రేరా తన చోటు వదిలి కుడివైపు చాలా దూరం వెళ్ళి దాన్ని అందుకుని, బేస్ దగ్గరికి పరుగెత్తుకొచ్చిన గలరాగాకు విసిరాడు. గలరాగా బంతి పట్టుకున్నాడు, బేస్ తొక్కాడు, డోనల్డ్ ఇంకా ఒక అంగ దూరంలో ఉన్నాడు. నేను ఉన్న మూడో అంతస్తు కుర్చీ నుంచి కూడా అది కనిపించింది. నా పెన్సిల్ కదిలింది. అంపైరు చెయ్యి చూడకుండా నేను జీవితంలో మొదటిసారి రాసింది అప్పుడే. గట్టిగా, నొక్కి, 3-1 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాను.

తల ఎత్తేసరికి ఫస్ట్ బేస్ అంపైరు జిమ్ జాయిస్ రెండు చేతులూ పక్కలకు చాచి ఉన్నాడు. సేఫ్, అంటే అవుట్ కాదు.

స్టేడియంలోంచి వచ్చిన ఆ శబ్దాన్ని అరుపు అనలేను. ఆ గలరాగా మాత్రం నవ్వాడు. వెక్కిరింపు లేదు, కోపం లేదు. పొరపాటున ఇంకొకరి ఇంటి తలుపు తట్టిన మనిషిని చూసినట్టు ఒక చిన్న నవ్వు నవ్వి, బంతి తీసుకుని, పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ వైపు నడిచాడు. మేనేజర్ జిమ్ లీలాండ్ బయటికొచ్చాడు, కబ్రేరా అంపైరుతో వాదిస్తూనే ఉన్నాడు. పెద్దాయన చెవిలో చిన్న రేడియో ఉంది. రీప్లే చూసినవాళ్ళు అందులో ఏమంటున్నారో ఆయన ముఖం చూస్తే తెలిసింది. అప్పుడు నాకు తెనాలి షామియానా గుర్తొచ్చింది. ఇది క్రికెట్ అయి ఉంటే, ఆ అంపైరు చేతులు చాచి స్కోరరు బల్ల వైపు చూసి ఉంటే, నేను చెయ్యెత్తేవాణ్ణా? మా మావయ్య అయితే ఎత్తేవాడు. నేను ఎత్తేవాణ్ణి కాదనే అనుకుంటున్నాను. నేను ఎత్తకపోతే ఆట అక్కడే, ఆ సాయంత్రంలోనే ఆగిపోయేది కదా అన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది.

కానీ బేస్‌బాల్‌లో స్కోరరును ఎవరూ చూడరు. ఆట సాగింది. నేను రబ్బరు తీసి 3-1 చెరిపాను. దాని మీద హోమ్ నుంచి ఫస్ట్ బేస్ దాకా ఒక గీత గీసి సింగిల్ అని గుర్తు పెట్టాను. తరువాతి బ్యాటర్ ట్రెవర్ క్రో ఆడుతుండగా డోనల్డ్ రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ పోయాడు, ఎవరూ అతన్ని ఆపే ప్రయత్నం కూడా చేయలేదు. దానికీ స్కోర్‌కార్డులో ఒక గుర్తు ఉంది, అది కూడా రాశాను. చివరికి క్రో, 5-3. ఇరవై ఎనిమిదో అవుట్. గలరాగా వేసిన బంతులు 88. ఆట పట్టిన సమయం ఒక గంటా 44 నిమిషాలు. మన తెలుగు సినిమా అయితే ఇంటర్వెల్ దాటి ఒక పాట అయి ఉండేది, అంతే.

తిరుగుదారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రికి తెలిసింది, జాయిస్ లోపలికి వెళ్ళి రీప్లే చూసుకుని, తప్పు తనదేనని దాపరికం లేకుండా ఒప్పుకుని, గలరాగాను పిలిపించి ఏడ్చాడని. మర్నాడు ఉదయం తెనాలికి ఫోన్ చేసి, నిద్ర పట్టలేదమ్మా అని ఆట సంగతి చెప్పబోతే, "ఇండియన్స్ ఓడిపోయారా? మనవాళ్ళు అక్కడికెందుకు వచ్చార్రా?" అంది మా అమ్మ. క్లీవ్‌లాండ్ జట్టు ఆ పేరు మార్చుకోవడానికి ఇంకా పదకొండేళ్ళు ఉంది మరి.

జూన్ 3న మధ్యాహ్నం మళ్ళీ అవే జట్లు. వరుస ప్రకారం ఆ రోజు హోమ్ ప్లేట్ దగ్గర నిలబడవలసిన అంపైరు జాయిసే. సెలవు తీసుకోమన్నా తీసుకోలేదు. నాకు ఆఫీసులో మీటింగు, పెద్దాయన ఒక్కడే వెళ్ళాడు. ఆటకు ముందు ఇరుజట్లూ తమ బ్యాటింగు వరుస రాసిన కాగితాన్ని అంపైరుకు అందించాలి. మామూలుగా అది మేనేజరో కోచో చేసే పని. లీలాండ్ ఆ రోజు ఆ కాగితం గలరాగా చేతికిచ్చి పంపాడు. జాయిస్ కళ్ళు తుడుచుకుంటూ అది అందుకుని అతని భుజం తట్టాడు. సాయంత్రం పెద్దాయన ఫోను చేసి ఇదంతా చెప్పి, మొదటి ఇన్నింగ్స్ గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి, రాయలేకపోయాను అన్నాడు. అదే రోజు జనరల్ మోటార్స్ వారు గలరాగాకు ఎర్రటి కార్వెట్ కారు బహుమతిగా ఇచ్చారు. దివాలా తీసి ఏడాదీ రెండు రోజులు! మా ఊరి పొగరు అది. గవర్నర్ జెనిఫర్ గ్రాన్‌హోమ్ అది పర్ఫెక్ట్ గేమేనని రాష్ట్రం తరఫున ఒక ప్రకటన కూడా జారీ చేసింది. బేస్‌బాల్ కమిషనర్ బడ్ సీలిగ్ మాత్రం తీర్పు మార్చలేదు. రికార్డు పుస్తకాల్లో అది ఒక హిట్ ఇచ్చిన ఆటగానే ఉంది.

ఆ వేసవంతా మేమిద్దరం వాదించుకున్నది ఆ సీలిగ్ నిర్ణయం మీదే. పెద్దాయన మార్చాలనేవాడు. 1983లో జార్జ్ బ్రెట్ అనే ఆటగాడు బ్యాటుకు జిగురు ఎక్కువ పూశాడని అంపైర్లు అతని హోమ్ రన్ రద్దు చేస్తే లీగ్ అధ్యక్షుడు ఆ తీర్పును తిరగదోడి, మూడు వారాల తరువాత ఆట మిగతా భాగం ఆడించలేదా అనేవాడు. అది నియమానికి అర్థం చెప్పడం, ఇది కంటితో చూసి చెప్పిన తీర్పు, రెండూ ఒకటి కావు అనేవాణ్ణి నేను. అయితే నా అసలు వాదన వేరే. మారిస్తే క్రోను ఏం చేస్తాం? అతను నిజంగా బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు, గలరాగా నిజంగా బంతులు వేశాడు, 5-3 నిజంగా జరిగింది. డోనల్డ్‌ను అవుట్ అని దిద్దితే ఆ తరువాత జరిగినదంతా జరగనట్టు కాగితం మీద నుంచి ఊడ్చెయ్యాలి. అంత దెబ్బ తిన్నాక కూడా వెంటనే మరొకణ్ణి అవుట్ చేయడమే ఆ రాత్రి అతను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అని నా అభిప్రాయం. నువ్వు స్కోరరులా మాట్లాడుతున్నావు, నేను టైగర్స్ అభిమానిలా మాట్లాడుతున్నాను అని పెద్దాయన వాదన ముగించేవాడు. మరుసటి వారం మళ్ళీ మొదలుపెట్టేవాడు.

2011 జనవరిలో గలరాగాను టైగర్స్ అరిజోనా జట్టుకు ఇచ్చేశారు. పెద్దాయన కూడా మిషిగన్ చలి పడక ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌కు మారిపోయాడు. అక్కడైతే వసంతకాలపు శిక్షణకు టైగర్సే తన దగ్గరికి వస్తారని చెప్పుకున్నాడు. తన స్కోర్‌కార్డులన్నీ వెంట తీసుకెళ్ళాడు. ఆ రాత్రి ఆయన ఆ గడిలో ఏం రాశాడో నేను చూడలేదు. అట్ట ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు కాబట్టి తొందరపడి ఉండడనే నమ్మకం. కానీ ఆట అయ్యాక రబ్బరు పొడి ఊది ఆ కాగితాన్ని మడిచినట్టు గుర్తు. అది నా రబ్బరు పొడో ఆయనదో అడగలేదు.

2014 నుంచి అలాంటి తీర్పులను వీడియోలో తిరిగి చూసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు అంపైర్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని న్యూయార్క్‌లో వీడియో చూసేవారి మాట కోసం నిలబడతారు. ఆ ఒకటి రెండు నిమిషాలూ నేను కూడా పెన్సిల్ గాలిలో పట్టుకుని ఎదురుచూస్తాను. ఆట ఆగుతుంది. మావయ్య ఉంటే సంతోషించేవాడు.

నిన్న మళ్ళీ ఆ ఫైలు తీశాను. గ్రాఫైటు అక్కడక్కడా మెరుస్తోంది, అంకెలు పలచబడ్డాయి. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే, తొమ్మిదో ఇన్నింగ్స్ మూడో గడిలో, ఫస్ట్ బేస్ దాకా గీసిన ఆ గీత కింద, 3-1 ఇంకా కనిపిస్తోంది, చుట్టూ సున్నాతో సహా.